సిరిమాను ముందు వల

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమాను కదులుతుంది. అంతకంటే ముందు వల కదులుతుంది. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు సాగే ఆ ఊరేగింపులో పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందుండాలి. వాటి వెనకే పైడితల్లి అమ్మవారి సిరిమాను రావాలి. చిన్నప్పుడు మా మామ్మ నన్ను అరుగు మీద నిలబెట్టి, జనం తలల మీదుగా ముందు ఆ వలనే చూపించేది. "అదిగో సూడు. ఆ వల్లేకపోతే అమ్మోరు నీటిలోనే ఉండిపోయేది" అనేది.

ఆ మాట వెనక కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. బొబ్బిలి కోట పడిపోయాక తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు పెద విజయరామరాజును ఆయన డేరాలోనే చంపాడు. యుద్ధం వద్దని అన్నను బతిమాలిన చెల్లెలు పైడిమాంబ ఆ వార్త విని పెద్దచెరువు గట్టున కుప్పకూలింది. తన ప్రతిమ చెరువులో దొరుకుతుందని వెంట ఉన్న పతివాడ అప్పలనాయుడికి చెప్పి కన్నుమూసిందంటారు. ఆమే పైడితల్లి అమ్మవారైంది. చెరువులో దిగి వలతో ఆ ప్రతిమను పైకి తీసినవాళ్లు బెస్తవారు. అందుకే నేటికీ ఆ ఊరేగింపులో వలకు చోటుంది. రాజుగారి వంశీకులు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు, వల పట్టినవాళ్లు అమ్మవారి ముందు నడుస్తారు.

ఇంకో సంగతి. సిరిమాను చింతమాను. ఏటా పూజారి కలలో అమ్మవారు కనిపించి ఏ ఊళ్లో ఏ చెట్టో చెబుతుందని నమ్మకం. ఆ చింతచెట్టును వెతికి, పూజ చేసి, కొట్టి, చెక్కి, కొసన ఆసనం కట్టి, పూజారిని దాని మీద కూర్చోబెట్టి ఊరంతా చూసేలా పైకి లేపుతారు. ముందు వల, వెనక చింత. నేను పాతికేళ్లకు పైగా హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. సాక్ష్యం లేని మాట చరిత్ర కాదని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వలకీ చింతకీ ముడి ఉందని ఊళ్ల చరిత్ర చెప్పే ఏ కైఫీయతూ అనదు. కానీ మా ఇంట్లో ఆ మర్నాడు, బుధవారం మధ్యాహ్నం, విస్తళ్ల ముందు ఆ రెండూ ఒకే దాకలో కలిసి కనిపించేవి. అది చేపల పులుసు.

అరవైల్లో మా ఇల్లు గంటస్తంభానికి నాలుగు వీధుల అవతల, పెంకుటిల్లు. సిరిమానుకు ముందురోజు తొలేళ్ల నాటికే ఇల్లు నిండేది. నెల్లిమర్ల జూట్ మిల్లులో చేసే బాబాయి కుటుంబం, పార్వతీపురం నుంచి పెద్దప్ప, బావగారు, గజపతినగరం నుంచి మామ్మ పుట్టింటివాళ్లు, అందరూ చేరేవారు. మంగళవారం సిరిమాను మూడో తిరుగుడు పూర్తయ్యేదాకా మా పొయ్యి మీదికి నీచు ఎక్కేది కాదు. అది అయిపోయి, ఊరేగింపు చూసి వచ్చిన జనం కాళ్లు కడుక్కున్నాక, మామ్మ పెరట్లో కొత్త పొయ్యి వెలిగించేది.

చేప అప్పటికే వచ్చి ఉండేది. తెచ్చేది కోనాడప్ప. ఆమె అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రం ఒడ్డున ముక్కాం, చేపలకంచేరు, చింతపల్లి, తిప్పలవలస, కోనాడ అన్నీ మత్స్యకారుల ఊళ్లే. ఆమె తల మీద తాటాకు బుట్ట, బుట్టలో తడిగోనె, గోనెలో చేప. మామూలు రోజుల్లో తెల్లవారుజామున బుట్టను మొదటి బస్సు పైకెక్కించుకుని వచ్చి వీధులు తిరిగేది. తన అత్తగారు మాత్రం ఆ దూరమంతా నడిచే వచ్చేదట. సిరిమాను రోజున తీరం నుంచి జాతరకొచ్చే ఎడ్లబండ్లలో కూర్చుని మధ్యాహ్నానికి దిగేది. అమ్మకానికి కాదు, మొక్కుకి వచ్చాననేది. మా వాకిట్లో మాత్రం బుట్ట దించేది.

"అమ్మా, పండుగప్ప తెచ్చినాను. మొగలో పడినాది. పేరులోనే పండగున్నాది, మీరు బేరమాడకండి."

కోనాడ దగ్గర చంపావతి నది సముద్రంలో కలుస్తుంది. నదీ సముద్రమూ కలిసే ఆ చోటును వాళ్లు మొగ అంటారు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ రెండూ ఓర్చుకునే చేప పండుగప్ప. వానాకాలం వరదనీళ్లు దిగుతూ ఉండగా ఆ మొగల్లో దొరికేది. దసరా వేళకు దాని కండ బలిసి, తునక మీద వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచేంత గట్టిగా ఉండేది. పండుగప్ప దొరకని ఏడు వంజరం. మా వైపు కోనాం అనేవాళ్లూ ఉన్నారు. గోదావరి వాళ్లకు పులస ఎంత గొప్పో, మా వీధివాళ్లకు పెద్ద కోనాం మధ్య తునకలు అంత గొప్ప.

డబ్బు చేతులు మారడం తక్కువ. మామ్మ చోళ్లు (రాగులు) కొలిచేది, కొత్త ధాన్యం వచ్చిన ఏడు ధాన్యం కొలిచేది. కోనాడప్ప కొంగు పరిచి పట్టేది. మా చోళ్లు వాళ్లింట్లో అంబలయ్యేవి. వాళ్ల చేప మా ఇంట్లో పులుసయ్యేది. ఒడ్డున ఇసుక, ఉప్పునేల. అక్కడ చోడి గింజ మొలవదు. మెట్టన చేప దొరకదు. వలకూ నాగలికీ మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోలు ఎప్పుడు మొదలైందో ఏ పుస్తకంలోనూ చూడలేదు. నేను చూసినది దాని చివరి దశ.

మామ్మ పులుసు పెట్టే పద్ధతి ఇది. ముందు పీతలు. పెద్దవి నాలుగు శుభ్రం చేసి, గోళ్లు రోకలితో చిట్లగొట్టి, గానుగలో ఆడించిన నువ్వుల నూనెలో వేసేది. ఉల్లిపాయలు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి సన్నికల్లు మీద నూరిన ముద్ద అందులో పడేది. ఆ తర్వాత రొయ్యల తలలు. వాటిని పారేయనిచ్చేది కాదు. పొత్రంతో నూరి, నీళ్లు పోసి, పలచటి గుడ్డలో వడగట్టి, ఎర్రగా దిగిన ఆ రసాన్ని దాకలో పోసేది. పండుగ పులుసుకీ రోజువారీ పులుసుకీ తేడా అక్కడే. రోజూ నీళ్లు పోస్తాం, పండుగకు సముద్రం పోస్తాం అనేది.

ఆ రసం తెర్లుతుండగా చింతపండు పులుసు. పన్నెండు మంది తినే దాకకు రెండు గుప్పిళ్ల పాత చింతపండు, ముందే నానబెట్టి, చిక్కగా పిసికినది. ఏడాది దాటి నల్లబడిన చింతపండైతేనే పులుపుకు నిదానం వస్తుందని, కొత్తది నాలుకను కోస్తుందని చెప్పేది. పచ్చివాసన పోయి, నూనె విడిపోయి అంచుల్లో ఎర్రటి వలయంగా తేలాకే చేప ముక్కలు. ఉప్పు, పసుపు పట్టించి ఉంచిన ముక్కల్లో తలకాయ అడుగున, మందపు తునకలు దాని మీద, తోకవైపువి పైన. చివరగా ఒలిచిన రొయ్యలు. ఆ తర్వాత గరిటె పెట్టడం లేదు. దాక అంచుల్ని గుడ్డతో పట్టుకుని, దాకనే అటూ ఇటూ తిప్పాలి. గరిటె తగిలితే ముక్క విరుగుతుంది. విరిగిన ముక్కను అతిథికి వడ్డించడం ఆమెకు చిన్నతనం. దించే ముందు వేయించిన మెంతిపిండి చిటికెడు, గోళీ అంత బెల్లం. పులుసు మంటలో ఉడుకుతుంది, బూడిద మీద పండుతుంది అంటూ, దాకను రాత్రంతా ఆరిన పొయ్యి వెచ్చదనంలో మూతపెట్టి వదిలేసేది. మర్నాటికి పులుపు ముక్కలోకి దిగి, ముక్క రుచి పులుసులోకి దిగేది. ఐసుపెట్టెలు లేని కాలంలో మర్నాటి దాకా చేప నిలిచిందంటే ఆ చింతపండు పులుపూ, ఉప్పూ, బాగా ఉడకడమూ కారణం. రుచి కోసం అనుకున్నది నిలవ కోసం కూడా.

ఆ దాకలో పడిన ఒక్కొక్క వస్తువు వెంట పోతే ఉత్తరాంధ్ర చరిత్రంతా తిరిగి రావచ్చు.

చింతపండు కొండలది. సాలూరు, పాచిపెంట, పార్వతీపురం వైపు గిరిజనులు ఎండాకాలం ముందు చెట్లు దులిపి, పెంకు తీసి, సంతకు మోసుకొచ్చినది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడక ముందు ఆ చింతపండుకు ధర కట్టింది షావుకార్లే. చింతపండు ఏ సంతలో కొండ దిగేదో, తీరం నుంచి ఎండుచేప అదే సంతలో కొండెక్కేది. ఎండు నెత్తళ్లు, ఉప్పు కట్టిన సావళ్లు ఏజెన్సీ సంతల్లో ఇప్పటికీ కుప్పలు పోసి అమ్ముతారు. మన పులుసులో కొండ ఉన్నట్టే, కొండవాళ్ల కూరలో సముద్రం ఉంది.

మిర్చి ఈ నేలది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలు పదహారో శతాబ్దంలో తెచ్చినది. అంతకుముందు మన పూర్వీకుల పులుసులో ఘాటు మిరియాలది. కొత్త కాయకు పేరు పెట్టేటప్పుడు మనవాళ్లు మిరియాన్ని మరచిపోలేదు, మిరపకాయ అన్నారు. ఎర్రటి పులుసు మనకు అనాదిగా ఉందనుకుంటాం. దాని ఎరుపు వయసు నాలుగైదు వందల ఏళ్లు.

ఉప్పు కథ కొంచెం చేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడులు ఎంత పేరున్నవో అందరికీ తెలుసు. కానీ 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధికారం పెట్టాక, ఉప్పునీటి పక్కనే పుట్టి పెరిగిన జాలరికి తన చేపకు పట్టించే ఉప్పు ఖరీదైపోయింది. పన్ను కట్టని ఉప్పు ఏరుకుంటే నేరం. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ప్రభుత్వం తీరం పొడుగునా చేపలు ఎండబెట్టే కంచెల ఆవరణలు పెట్టి, అక్కడికే చేప తెచ్చి ఉప్పు పడితే పన్ను లేకుండా ఇస్తామంది. తన ఒడ్డున, తన చేపకు, సర్కారు కంచెలోకి వెళ్లి ఉప్పు తీసుకోవలసిన రోజులవి. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు అది తీరం వాళ్లకు ఒక సిద్ధాంతం కాదు, వంటింటి సంగతి. బళ్లో ఈ పాఠం చెప్పేటప్పుడు దండి యాత్రతో మొదలుపెట్టేదాన్ని కాదు. పులుసులో ఉప్పుతో మొదలుపెట్టేదాన్ని.

ఇక చేప పేరు. 1780ల్లో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఆయన విశాఖ తీరంలో సేకరించిన 200 చేపల బొమ్మలూ వివరాలూ 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో ఎన్నో చేపలకు ఆయన రాసుకున్నవి మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లే. మనం కానాగంతలనే చేపను ఆయన కనగుర్త అని రాసుకున్నాడు. ఆ పేరును ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే 1816లో శాస్త్రీయ నామంగా నిలిపాడు. నేటికీ ప్రపంచంలో ఏ దేశపు జీవశాస్త్రవేత్తయినా ఆ చేపను రాస్ట్రెల్లిగర్ కనగుర్తా అనే పిలవాలి. అక్షరం రాని మన జాలరి ఒడ్డున నిలబడి చెప్పిన మాట రెండు వందల ఏళ్లుగా ప్రపంచపు పుస్తకాల్లో ఉంది. చెప్పినవాడి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. కోనాడప్ప అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియనట్టే.

నా కళ్ల ముందే తీరం మారింది. దుంగలు తాళ్లతో కట్టిన తెప్పల మీద, నూలు వలలతో వేటకెళ్లిన తరం మామ్మ తరం. తర్వాత నైలాన్ వచ్చింది. ఆపైన ఫైబర్ నావ వచ్చింది, నావకు ఇంజను వచ్చింది. 1976లో విశాఖపట్నంలో చేపలరేవు తయారయింది. పెద్ద మరబోట్లు, ఐసు, ఎగుమతి కంపెనీలు అన్నీ అటు చేరాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది కానీ, మా జిల్లాకు దక్కిన ఇరవై ఎనిమిది కిలోమీటర్ల తీరంలో అలాంటి రేవు లేదు. అలల్ని దాటి వచ్చిన నావను మనుషులు భుజాలు ఆనించి ఇసుక మీదికి లాగవలసిందే. రొయ్య పిల్లల హేచరీలు తీరం పొడుగునా లేచాయి. రోడ్డుకు అవతల విమానాశ్రయం పని మొదలైంది. 2015 నుంచి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు విరామం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచిదే. వేట లేని ఆ రెండు నెలలు ఇల్లు గడవడమే కష్టం.

రేవు లేని ఊళ్ల కుర్రాళ్లు రేవున్న చోటికి వెళ్లారు. మొదట విశాఖ, పారదీప్, చెన్నై. తర్వాత దేశానికి అటు చివర, గుజరాత్‌లోని వేరావల్. ఏటా రైలెక్కి, నెలల తరబడి ఇంకొకరి బోటు మీద కూలీలుగా పనిచేస్తారు. వలసలు కొత్త కాదు. పూరీ ఒడ్డున నోలియాలనే పేరుతో తరతరాలుగా ఉన్నవాళ్లు తెలుగు మాట్లాడే జాలరులే. కానీ ఆ కాలంలో కుటుంబం కుటుంబంగా కదిలారు. ఇప్పుడు మగవాళ్లు వెళ్తారు, ఒడ్డు ఆడవాళ్లతో, ముసలివాళ్లతో మిగులుతుంది. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు జలాలు దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. పదమూడు నెలలు కరాచీ జైలు. 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవై మందిని మనవాళ్లకు అప్పగించారు. సరిగ్గా సంక్రాంతి ముందు. ఆ ఏడు ఆ ఇళ్లల్లో ముక్కనుమ నాడు పొయ్యి మీదికెక్కిన పులుసుకు సాటి వచ్చే విందును నేను ఊహించలేను.

ఆ వార్త పేపర్లో చదివిన రోజున నాకు మామ్మ అలవాటొకటి గుర్తొచ్చింది. బుధవారం విస్తళ్లు వేసే ముందు, దాక మూత తీసి, మొదటి తునక, మందపుది, చిక్కటి పులుసుతో కలిపి ఒక ఇత్తడి గిన్నెలో పెట్టి పక్కన ఉంచేది. కొత్త అల్లుడికి కాదు, పెద్ద బావగారికీ కాదు. కోనాడప్పకు. జాతర మర్నాడు ఆమె తిరుగుబండి ఎక్కేముందు మా వీధిలోకి వచ్చేది. వాకిట్లో చాప మీద కూర్చుని, మా చోళ్ల అంబలితో, తన చేప పులుసు తినేది. "నా సేపకి ఇంత రుసుందని నాకే తెల్దు తల్లీ" అనేది. చేపలు పట్టే ఇంట్లో పెద్ద చేప వండుకోవడం అరుదని, మంచిది అమ్ముడుపోయి, కవళ్లూ చిన్నవీ తమకు మిగులుతాయని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. మామ్మకు అది ముందే తెలుసు. వల వెనకే సిరిమాను రావాలన్న క్రమాన్ని ఆమె తన వంటింట్లో పాటించింది.

పైడితల్లి ఉత్సవం నాకు చెప్పే చరిత్ర అదే. యుద్ధాన్ని రాజులు చేశారు, కథను కవులు చెప్పారు, అమ్మవారిని నీటిలోంచి తెచ్చింది మాత్రం వల పట్టిన చేతులు. మన పండుగ దాకలోకి సముద్రాన్ని తెస్తున్నదీ ఆ చేతులే. వాటికి ముందు వరసలో చోటివ్వాలని ఈ ఊరు రెండున్నర శతాబ్దాల కిందటే నిర్ణయించుకుంది. ఏడాదికి ఒక్క మంగళవారం ఆ మాట నిలబెట్టుకుంటున్నాం. మిగతా రోజుల్లోనూ నిలబెట్టుకోవాలి.

మామ్మ పోయి నలభై ఏళ్లు దాటింది. దాక పగిలింది, సన్నికల్లు పెరట్లో ఉంది, పులుసు మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో మంగళవారం రాత్రే పెడతాం. ఇప్పుడు చేప తెచ్చేది ముక్కాం నుంచి ఆటోలో వచ్చే ఒక పెద్దావిడ. మొదటిసారి ఆమె దగ్గర చేప కొన్నప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, నీ పేరేమిటప్పా అని. ఆమె నవ్వి చెప్పింది. ఈసారి పండుగకు మీ వాకిట్లో ఎవరైనా చేపల బుట్ట దించితే మీరూ ఆ పేరు అడగండి. తూకం వేయించే ముందే అడగండి. మర్నాడు ఆమె మళ్లీ ఆ దారిన వస్తే, పులుసులోంచి ఒక మంచి తునక ఆమె కోసం తీసి ఉంచండి.